చేలో కాపురమున్న మూడువందల పన్నెండు మంది

మా గుండ్లవారిపాలెం మునిసిపాలిటీలో కలిసిన రోజున ఇంటింటికీ లడ్డూ పంచారు. మేమూ తిన్నాం. పంచాయతీ ఆఫీసు బోర్డు చెరిపి 'పదిహేడవ వార్డు' అని రాశారు. రోడ్డూ, మురుక్కాల్వా, దోమలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. మారిందల్లా మా చేలు. అవి ఒక్క పూటలో పట్టణంలోని స్థలాలైపోయాయి.

పట్టణంలో స్థలం ఊరికే పడి ఉండకూడదట. పడి ఉంటే మార్కెట్టు విలువను బట్టి ఏటా ఖాళీ స్థలం పన్ను వేస్తారు. వ్యవసాయం జరుగుతున్న భూమికి మాత్రం ఆ పన్ను లేదు. ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. అయితే వ్యవసాయం జరుగుతున్నదీ లేనిదీ అధికారి స్వయంగా వచ్చి, కళ్ళతో చూసి, ఫోటో తీసి తేల్చాలి. అలా చూడడానికి వాళ్ళు మే నెల నాలుగో తారీకున వచ్చారు.

మే నెలలో మా వైపు మెట్ట చేను ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ళకి చెప్పడానికీ ఏమీ లేదు, ఎందుకంటే అక్కడ ఏమీ ఉండదు. పెళ్ళలు పెళ్ళలుగా దున్నిన నేల, గట్టు మీద రెండు తుమ్మచెట్లు, అంతే.

నోటీసు మా తోడికోడలు కోటరత్నం పేరున వచ్చింది. ఎకరం ఇరవై సెంట్ల చేను ఆమెది. పదకొండేళ్ళు రెండు బర్రెల పాలు కేంద్రానికి పోసి, ఆ డబ్బుతో కొనుక్కుంది. ఆమె ఆట్టే చదువుకోలేదు. నేను పదో తరగతి పాసయ్యాను కాబట్టి మా రెండిళ్ళలో కాగితాలు చదివే పని నాది.

"'సదరు స్థలము ఎట్టి అభివృద్ధికీ నోచుకొనక, నిరుపయోగముగా, నిర్జీవముగా పడియున్నట్లు గుర్తించడమైనది'," అని చదివాను.

"నా చేనుని తిడతన్నారా ఏందే?" అంది కోటరత్నం.

"తిట్టడం కాదక్కా, పన్ను వేస్తున్నారు."

ఎంతో చెప్పాను. ఆ చేలో మూడేళ్ళు పండినా రానంత. ఆమె భర్త, మా బావగారు బ్రహ్మయ్య తాగుతున్న మంచినీళ్ళ చెంబు కింద పెట్టి, "ఈ చేను అమ్మితేగానీ ఈ చేను మీద పన్ను కట్టలేం గదా," అన్నాడు. పక్కనున్న నాలుగు చేలల్లో అప్పటికే తెల్లరాళ్ళు పాతి, రంగురంగుల కమాను కట్టి, దాని మీద ఏదో నగరమని పేరు రాశారు. కమాను తాలూకు మనుషులు వారానికోసారి మా వీధిలోకి వచ్చి బావగారి ఆరోగ్యం కనుక్కుని పోతున్నారు.

"అమ్మేది లేదు," అంది కోటరత్నం. "నడువే, ఆఫీసుకి పోదాం."

మునిసిపల్ రెవిన్యూ ఆఫీసరు పేరు సర్వోత్తమరావు. యాభై దాటిన మనిషి, చొక్కా మీద ఒక్క ముడత లేదు. ఎవరి మీదా ఎప్పుడూ కేకలు వెయ్యడని ఆఫీసులో చెప్పుకుంటారు. అది నిజమే. ఆయన మమ్మల్ని కూర్చోమని, ఫ్యాను మావైపు తిప్పించి, ఆ తరవాతే మా చేను లేదన్నాడు.

"అది ఖాళీ స్థలం కాదయ్యా, చేను," అంది కోటరత్నం.

"చేను అనడానికి ఆధారం?"

ఆమె పట్టాదారు పాసుపుస్తకం బల్ల మీద పెట్టింది. ఆయన రెండు వైపులా తిరగేసి చూశాడు.

"భూమి మీదని ఇది చెబుతోందమ్మా. భూమి పనిలో ఉందని చెప్పడం లేదు."

"ఎండాకాలం గదయ్యా. దున్ని ఎండబెడతాం. నేలక్కూడా కాస్త అలుపు తీరాల గదా."

"విశ్రాంతి అనేది వ్యవసాయేతర వినియోగం కిందికి వస్తుంది," అన్నాడాయన ఎంతో సానుభూతిగా.

"మే నెల్లో ఎవురేస్తారయ్యా పైరు?"

"పైరు మే నెలలో లేకపోవచ్చు. మునిసిపాలిటీ మే నెలలో కూడా ఉంటుంది కదమ్మా."

కోటరత్నం పాసుపుస్తకం తీసి సంచిలో పెట్టుకుంది. ఆయన జాలిపడి ఒక ఫారం ఇచ్చాడు. పునఃతనిఖీ కోరవచ్చట. "తనిఖీ సమయానికి సదరు స్థలంలో వ్యవసాయ సంబంధమైన జీవకళ ఉట్టిపడుతూ ఉండాలి. అంతకుమించి మేం ఏమీ ఆశించం," అన్నాడు.

మెట్లు దిగుతుండగా కోటరత్నం మొహం విప్పారింది. "జీవముంటే చాలంటన్నాడు గదే. బుధవారానికి కాటమయ్య మంద వస్తంది. ఇంక జీవానికేం కొదవ?"

ఇది చెప్పాలి. మా వైపు వేసవిలో ఉత్త చేలల్లో గొర్రెల మంద కట్టిస్తాం. చేను చుట్టూ వల పాతి, రాత్రిళ్ళు గొర్రెల్ని అందులో పడుకోబెడతారు. పొద్దున్నే మేతకి తోలుకుపోతారు. వాటి పెంటా ఉచ్చా నేలలో ఇంకి, ఎన్ని బస్తాల ఎరువు చల్లినా రాని సత్తువ వస్తుంది. అందుకని మేమే కాపరికి రాత్రికింత అని బియ్యమో డబ్బో ఇస్తాం. కాటమయ్య ఏటా కోటరత్నం చేలో పది రాత్రులు మంద ఆపుతాడు.

మేం ఆ ఫారం నింపి ఇచ్చాం. మంద దిగిన మర్నాడు సర్వోత్తమరావు గారు పొద్దున ఆరున్నరకే టాబు పట్టుకుని వచ్చాడు. మంద ఇంకా లేవలేదు. వల లోపల మూడువందల పన్నెండు గొర్రెలు నెమరేస్తున్నాయి. కాటమయ్య గట్టు మీద గొంగడి దులుపుకుంటున్నాడు.

"ఇదుగో సార్ జీవం," అంది కోటరత్నం గర్వంగా.

ఆయన చాలాసేపు చూశాడు. తరవాత టాబులో వెతికాడు. "పంటల జాబితాలో గొర్రె లేదమ్మా," అన్నాడు.

"పంట కాదు సార్, మంద."

"ఇవి రాత్రి ఎక్కడ పడుకుంటాయి?"

"ఈడనే," అన్నాడు కాటమయ్య.

"పగలు?"

"బైటికి పోతయ్, మేతకి."

"సాయంత్రం మళ్ళీ ఇక్కడికే వస్తాయా?"

"రాక యాడికి పోతయ్ సామీ?"

సర్వోత్తమరావు గారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "రాత్రి నిద్ర ఇక్కడ. పగలు ఆహార సంపాదన బయట. సాయంత్రం తిరిగి ఇక్కడికే రాక. దీన్ని మా నిబంధనల్లో నివాసం అంటారమ్మా."

"గొర్రెలయ్యా అవి!"

"నివాసులు ఎవరనే వివక్ష మునిసిపాలిటీ చూపదు. అద్దె ఎవరిస్తారు?"

"అద్దేంది? మేమే కాటమయ్యకి ఇస్తాం."

ఆయన టాబు మీద వేలు ఆగిపోయింది. ఉన్నవాళ్ళకి ఇంటివాళ్ళే ఎదురు అద్దె ఇచ్చే ఏర్పాటు ఆయన ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో చూడలేదు. టాబు కూడా ఒప్పుకోలేదు. చివరికి 'ఉచిత వసతి' అని నొక్కి, వలని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసి, మా అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

రెండో నోటీసు నాలుగు రోజుల్లోనే వచ్చింది. అంత త్వరగా ఏ పనీ మా వార్డులో అంతకు ముందు జరగలేదు. స్థలం వినియోగం: నివాసం. ప్రహరీ: ఉంది, నైలానుది. పైకప్పు: నిర్మాణంలో ఉంది. నివాసుల సంఖ్య: మూడువందల పన్నెండు. ఇంటి పన్ను, నీటి పన్ను, డ్రైనేజీ, చెత్త సేకరణ రుసుము, గ్రంథాలయ సెస్సు.

"గొర్రెలకి గ్రంథాలయమా?" అన్నాడు బావగారు.

"మనం మాత్రం పోయి చదువుతన్నామా ఏంది? కట్టడంలా?" అంది కోటరత్నం. ఆమెకి సెస్సు మీద కోపం లేదు. నేను చదివిన ఆఖరి మాటల మీదే ఉంది ఆమె ధ్యాస. నివాస స్థలంగా నమోదైన చోట నాగలి గాని ట్రాక్టరు గాని తిప్పరాదు. నెలలోగా పన్ను కట్టకపోతే స్థలం జప్తు.

"దున్నకూడదని ఉందా? సరిగ్గా చదివావా?"

"రెండుసార్లు చదివానక్కా."

ఆమె లేచి వంటింట్లోకి వెళ్ళింది. అన్నం వార్చే టైము కాకపోయినా వార్చేసింది. ఆ రోజు మేమంతా పలుకన్నం తిన్నాం. కమాను మనుషులు సాయంత్రం వచ్చి బావగారి ఆరోగ్యం మరోసారి కనుక్కున్నారు. ఈసారి అడ్వాన్సు కూడా తెచ్చారు. ఆమె కాఫీ ఇచ్చి పంపించింది గాని అడ్వాన్సు ముట్టనివ్వలేదు.

మమ్మల్ని కాపాడింది న్యాయం కాదు, ఒక బోర్డు.

మా మునిసిపాలిటీ 'బహిర్భూమి రహిత పట్టణం'. ఆ మాట బస్టాండు ఎదురుగా రెండు స్తంభాల మీద నిలబెట్టి ఉంది. ఈ ఏడాది దానికి పతాకం ఇవ్వడానికి పై నుంచి ఒక బృందం రాబోతోంది. సరిగ్గా ఆ వారంలోనే కమిషనరు గారి కంప్యూటరు ఎర్రగా వెలిగింది. పదిహేడవ వార్డులో ఒకే ఆవరణలో మూడువందల పన్నెండు మంది నివాసులు. మరుగుదొడ్లు సున్నా.

మర్నాడు తెల్లారేసరికి ఈల దళం చేలోకి వచ్చింది. ఆరుబయట కూర్చున్నవాళ్ళని చూసి ఈల వెయ్యడం, సిగ్గుపడేలా చేతికొక బంతిపువ్వు ఇవ్వడం వాళ్ళ పద్ధతి. ఈల వేశారు. గొర్రెలు చూశాయి. పువ్వు ఇచ్చారు. గొర్రెలు తిన్నాయి. 'నివాసులు సిగ్గుతో తలలు వంచుకున్నారు' అని నివేదిక రాసుకుని, పువ్వులు చాలలేదని రేపటికి ఇంకో బుట్ట ఇండెంటు పెట్టారు.

"రేపు కూడా రాండి సామీ," అన్నాడు కాటమయ్య. "బాగా తింటన్నయ్."

మూడో రోజు ముగ్గుపిండి బస్తాతో మేస్త్రీ వచ్చాడు. కుటుంబానికి ఆరుగురు చొప్పున యాభై రెండు కుటుంబాలు, యాభై రెండు మరుగుదొడ్లు. పునాదులకి గీతలు గీస్తుంటే కోటరత్నం పరుగున వెళ్ళి గీత మీద నిలబడింది.

"నన్ను పూడ్చి కట్టుకోండి," అంది.

మేస్త్రీకి అలాంటి ఉత్తర్వులు లేవు. ఫోను చేశాడు. అరగంటలో సర్వోత్తమరావు గారూ, ఆయన వెనకే జీపులో కమిషనరు గారూ వచ్చారు. కమిషనరు కుర్రవాడు. నిద్ర లేక కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మా, ఎల్లుండి బృందం వస్తోంది. ఈ మూడువందల పన్నెండు మందినీ ఖాళీ చేయిస్తారా, దొడ్లు కట్టనిస్తారా?"

"వాళ్ళు ఇయ్యాలే పోతన్నారు గదయ్యా. పది రాత్రుళ్ళూ అయిపోయినయ్," అంది కోటరత్నం. అప్పటికే కాటమయ్య వల చుడుతున్నాడు.

కమిషనరు గారికి ప్రాణం లేచి వచ్చింది. సర్వోత్తమరావు గారు గొంతు సవరించుకున్నాడు. "సార్, నివాసులు ఊరికే పోవడానికి వీల్లేదు. కంప్యూటరులో రెండే ఉన్నాయి. మరణం, లేదా కొత్త చిరునామాతో బదిలీ."

"ఏమయ్యా, ఎక్కడికి వెళ్తున్నారు? చిరునామా చెప్పు," అన్నాడు కమిషనరు.

"మాకు అడ్రసేంది సామీ? ఎవురు పిలిస్తే వాళ్ళ చేలో దిగుతాం."

"ఎంతకాలం?"

"ఎరువు చాలిందాకా."

కమిషనరు గారు జీపు బానెట్టు మీద చెయ్యి వేసి, అది కాలి, తీసేశాడు. "మూడో దారి లేదా?"

"ఉంది సార్," అన్నాడు సర్వోత్తమరావు. ఆయన నిజాయితీపరుడు, దారి ఉంటే దాచడు. "వినియోగం వ్యవసాయంగా మారితే నివాసులందరూ ఆటోమేటిగ్గా రద్దవుతారు. అయితే నిలిచి ఉన్న పైరు ఫోటో కావాలి. రేపు సాయంత్రం అయిదు లోపల."

అందరూ కోటరత్నం వైపు చూశారు.

"వానలు పడంగానే ఇత్తనాలేస్తాం," అంది ఆమె.

"ఎప్పుడు పడతాయి?"

"జూను ఆఖర్న. ఒక్కోసారి జులై." చీర కొంగు నడుముకి దోపుకుని, ముగ్గుగీత మీదే గొంతుక్కూర్చుంది. "నాకేం తొందర లేదు సార్. ఇంకా నెల గడువుంది. తొందర మీకే గదా."

నాకు ఆ క్షణంలో మా తోడికోడలు చదువుకోకపోవడమే మంచిదైందనిపించింది.

మర్నాడు పొద్దున్నే మునిసిపాలిటీ మా చేలోకి దిగింది. ముందు పట్టణ సుందరీకరణ విభాగం వాళ్ళు నాలుగు ట్రక్కుల క్రోటను మొక్కలు దించారు. జాబితాలో క్రోటను లేదు. మళ్ళీ ఎక్కించారు. పది గంటలకి ఎక్కడో నర్సరీలో దొరికిన వంగనారు వచ్చింది. మూడు మంచినీళ్ళ ట్యాంకర్లు వచ్చాయి. ఆ రోజు మా వార్డుకి నీళ్ళు రాలేదు, అవి చేలో ఉన్నాయి కాబట్టి. నాటడానికి మనుషులు దొరకలేదు. మే ఎండలో వంగనారు నాటమంటే కూలీలు నవ్వి వెళ్ళిపోయారు. చివరికి ఉన్నవాళ్ళే ఒంగారు. బిల్లు కలెక్టర్లు, జనన మరణాల గుమస్తా, ఈల దళం, సర్వోత్తమరావు గారు.

కోటరత్నం గట్టు మీద తుమ్మచెట్టు నీడన నిలబడింది.

"ఏమయ్యా, కొండకీ కొండకీ మద్దెన ఉన్నట్టు ఆ ఎడమేంది? మూరకొకటి పెట్టు! ఓ బాబూ, ఈలబ్బాయ్, ఏరు కిందికి, ఆకు పైకి. సార్, మీరట్టా కాదు, ప్యాంటు ఎగ్గట్టండి ముందు. మట్టి అదమండి. ఫైలు కాదది, ఊరికే పెట్టి పోడానికి."

సర్వోత్తమరావు గారు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మట్టి అదిమాడు. ఆయన నాటినవి వరస తప్పలేదు. స్కేలు పెట్టి గీసినట్టున్నాయి.

నాలుగున్నరకి ఫోటో తీశారు. టాబు పైరుని గుర్తించింది. తరవాత సాగుదారు వేలిముద్ర అడిగింది. బ్రహ్మయ్య బావగారు బొటనవేలు పెట్టాడు. తీసుకోలేదు. తుడిచి పెట్టాడు. తీసుకోలేదు. నలభై ఏళ్ళు వ్యవసాయం చేసి వేలిముద్రలు అరిగిపోయినందువల్ల ఆయన వ్యవసాయదారుడని టాబు నమ్మలేదు. కోటరత్నం పది వేళ్ళూ వరసగా పెట్టింది. పాలు పిండి, అంట్లు తోమి, కలుపు తీసిన వేళ్ళు. ఒక్కటీ పనికి రాలేదు. నేను పెట్టబోతే ఈ చేనుకి సంబంధం లేని మనిషినన్నారు.

అయిదుకి నాలుగు నిమిషాలు. కమిషనరు గారు చుట్టూ చూశాడు. "సంబంధం ఉండి, వేలిముద్ర ఉన్నవాళ్ళు ఎవరు?"

సర్వోత్తమరావు గారికి సంబంధం ఉంది. ఆ చేను ఫైలు చూసేది ఆయనే. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో కాగితం తప్ప ఏదీ ముట్టని వేలు, గీత గీతా నిగనిగలాడుతోంది. ఆయన దాన్ని ప్యాంటుకి తుడుచుకుని, "తాత్కాలికంగా," అని, టాబు మీద పెట్టాడు.

టాబు ఆకుపచ్చగా వెలిగింది. మూడువందల పన్నెండు మంది నివాసులు రద్దయ్యారు. పతాకం వచ్చింది.

మూడో నోటీసు నేను చదివాను. వినియోగం: వ్యవసాయం. పన్ను: లేదు. యజమాని: కోటరత్నం. సాగుదారు: సర్వోత్తమరావు. అయిదేళ్ళ వరకు మార్పునకు వీలులేదు. సాగుదారు ప్రతి శనివారం పైరుతో సహా ఫోటో దిగవలెను. లేనిచో వినియోగం పూర్వస్థితికి వచ్చును.

"పూర్వస్థితంటే?" అంది కోటరత్నం.

"గొర్రెలు మళ్ళీ మనుషులవుతాయక్కా."

ఆమె ఆ శనివారం ఆఫీసు తీయగానే వెళ్ళి సర్వోత్తమరావు గారి బల్ల మీద కొడవలి పెట్టింది. "కలుపొచ్చింది సార్. వచ్చేటప్పుడు టోపీ తెచ్చుకోండి."

తన పేరు తప్పించమని ఆయన కమిషనరుకి అర్జీ పెట్టుకున్నాడు. మినహాయింపు కాపాడడం ఆయన విధుల్లో భాగమేనని జవాబు వచ్చింది. అప్పటినించీ శనివారం శనివారం వస్తున్నాడు. మొదట్లో ఫోటో దిగి వెళ్ళేవాడు. కోటరత్నం ఊరుకోలేదు. సాగుదారువి కదా, కలుపు ఎవరు తీస్తారంది. మజ్జిగ ఇచ్చేది, తిట్టేది, మళ్ళీ మజ్జిగ ఇచ్చేది. జులైకి ఆయన చేతులు బొబ్బలెక్కి, పగిలి, గట్టిపడ్డాయి. చొక్కాకి ముడతలు వచ్చాయి.

ఆగస్టులో ఒక మంగళవారం సాయంత్రం వాన వెలిసింది. మేమిద్దరం బర్రెలకి గడ్డి కోసుకుని వస్తుంటే చేలో ఆయన కనిపించాడు. ప్యాంటు మడిచి, ఒక వంకాయ తుంచి చీల్చి చూస్తున్నాడు.

"ఏంది సార్, ఇయ్యాల శనివారం కాదుగదా?" అంది కోటరత్నం.

"పుచ్చు పడుతోందన్నారు కదమ్మా మొన్న. నిద్ర పట్టలేదు. చూసిపోదామని."

"ఫోటో తీయించుకోరా?"

"ఫోటోకి రాలేదులెండి," అన్నాడాయన, పుచ్చిన ముక్క పారేస్తూ. కాస్త సిగ్గుపడుతూ అడిగాడు. "పైరు తీసేశాక ఈ నేలని ఎండాకాలం ఏం చేస్తారమ్మా? అప్పుడూ ఏదో ఒకటి వేస్తూనే ఉంటే పాడైపోదూ?"

"పాడైపోద్ది సార్."

ఆయన గట్టు మీద నిలబడి పాదాలకంటిన బురద పుల్లతో గీక్కున్నాడు.

మర్నాడు మేం ఆఫీసుకి వెళ్ళేసరికి వరండా నిండా మా వార్డు జనం ఉన్నారు. ఖాళీ స్థలం నోటీసులు అందుకున్న నలభై ఒక్క మంది రైతులు, ప్రతివాళ్ళ చేతిలో అర్జీ. కోటరత్నానికి ఇచ్చినట్టే తమకీ వేలిముద్రలున్న ఒక ఆఫీసరుని ఇప్పించమని. కమిషనరు గారు గదిలోంచి బయటికి రావడం లేదు. జనన మరణాల గుమస్తాని అప్పటికే ఇద్దరు చెరో చెయ్యి పట్టుకున్నారు.

మా పెద్దత్త నోటీసు కాగితం ఊపుతూ కోటరత్నం దగ్గరికి తోసుకొచ్చింది. "ఏమ్మే, నీకు వీళ్ళంతా ఎరికే గదా. నా మిరప చేనుకి ఆ టౌను ప్లానింగాయన్ని రాయించుకోమంటావా? బాగా చదువుకున్నాడంట."

కోటరత్నం కిటికీలోంచి లోపలికి తొంగి చూసింది. బర్రెని బేరం చేసేటప్పుడు చూసే చూపు అది.

"ఒద్దత్తా," అంది. "ఆయనకి నడుం ఒంగదు. ఆ మూల ఫైళ్ళు మోస్తన్నాడే, సన్నగా, ఆయన్ని అడుగు."